ప్లేట్‌లెట్ల పుట్టుపూర్వోత్తరాలు

వానాకాలం వచ్చిందంటే చాలు, హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా డాక్టర్లు కానివాళ్ళ నోట కూడా తెగ వినబడే మాట ప్లేట్‌లెట్లు. డెంగీ పుణ్యమా అని ఇప్పుడు ఇళ్ళల్లో పెద్దవాళ్ళక్కూడా లక్షన్నర అంటే ఫరవాలేదనీ, ఇరవై వేలంటే కంగారు పడాలనీ తెలుసు. పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క, షేర్ మార్కెట్ సూచీ చూసినట్టే చూస్తారు. బొప్పాయాకు రసం దగ్గర్నుంచి కివీ పళ్ళ దాకా ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. కానీ ఈ ప్లేట్‌లెట్లు అసలెక్కణ్ణుంచి వస్తాయి, పడిపోయినవి తెల్లారేసరికల్లా మళ్ళీ ఎందుకు లేచి కూర్చోవు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ ప్రశ్నకి జవాబు వెతకడం మొదలుపెట్టి నూటయాభై యేళ్ళు దాటింది. నేను కోడు రాసుకుని బతికేవాణ్ణి, డాక్టర్ని కాదు. అయినా ఈ చరిత్ర నన్ను పట్టుకోడానికో కారణం ఉంది. జన్యువుల గురించి మాట్లాడేవాళ్ళు మా వృత్తి నుంచి ఒక మాట అరువు తీసుకున్నారు: ప్రోగ్రామ్. "కణంలో ఒక ప్రోగ్రామ్ నడుస్తుంది" అంటారు. 1961లోనే ఇటు ఫ్రాన్సులో జాకబ్, మోనో, అటు అమెరికాలో ఎర్న్‌స్ట్ మయర్ ఆ మాట వాడేశారు. ప్లేట్‌లెట్ల కథ చదివాక ఆ పోలిక నాకు సగమే నిజమనిపించింది. తప్పిన ఆ రెండో సగంలోనే అసలు విషయమంతా ఉంది.

ముందు కాస్త నేపథ్యం. ప్లేట్‌లెట్ అంటే, మనం బళ్ళో చదువుకున్న రక్తఫలకిక, పూర్తి కణం కాదు. కేంద్రకం లేని చిన్న ముక్క. మీటరులో పదిలక్షల వంతుని మైక్రాన్ అనుకుంటే, ఇది రెండుమూడు మైక్రాన్లుంటుంది. రక్తనాళానికి ఎక్కడన్నా చిల్లు పడితే అక్కడ అతుక్కుని, తోటివాళ్ళని పిలిచి, రక్తం కారకుండా ఆపడం దీని పని. ఆయుష్షు ఏడు నుంచి పది రోజులు. అంచేత మన ఒంట్లో రోజుకి సుమారు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లు కొత్తగా తయారవుతూనే ఉండాలి. వీటిని తయారుచేసేది ఎముకల మూలుగలో ఉండే ఒక భారీ కణం, పేరు మెగాకార్యోసైట్. పెద్ద కేంద్రకం ఉన్న కణం అని అర్థం. ఇది యాభై నుంచి వంద మైక్రాన్ల దాకా ఉంటుంది. మూలుగలో పదివేల కణాలుంటే అందులో ఇది ఏ ఒక్కటో. ఒక్కొక్కటీ వెయ్యికి పైగా ప్లేట్‌లెట్లుగా విడిపోయి, చివరికి తను మిగలదు.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

ఇటలీలో జూలియో బిజ్జొజేరో అనే ఆయన 1869లో మూలుగలో ఈ పెద్ద కణాల్ని చూసి, కేంద్రకం మొగ్గలు తొడిగినట్టుందని వర్ణించాడు. పన్నెండేళ్ళ తరవాత, 1881-82లో, అదే బిజ్జొజేరో గినీపందుల, కుందేళ్ళ సన్నటి రక్తనాళాల్ని బతికుండగానే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. దెబ్బతిన్న చోట చిన్న చిన్న బిళ్ళలు వచ్చి అతుక్కోవడం కనబడింది. ఇవి తెల్లకణాల తునకలూ కావు, ఎర్రకణాల పిల్లలూ కావు, వీటి దారి వీటిదే అని తేల్చాడు. చిత్రమేంటంటే తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ ఆయనే చూశాడు, ఇద్దరికీ చుట్టరికం మాత్రం కలపలేదు. ఒకటి ఎముకలో ఉంది, ఇంకోటి రక్తంలో పారుతోంది. రెండింటినీ కలిపే ఆధారం అప్పటికి కంటికి ఆనలేదు.

1890లో అమెరికాలో విలియం హోవెల్ ఈ పెద్దకణానికి మెగాకార్యోసైట్ అని పేరు పెట్టాడు. అప్పటిదాకా ఎముకని తినే బహుకేంద్రక కణాల్నీ దీన్నీ కలిపి ఒకే గాటన కట్టేసేవాళ్ళు. కేంద్రకం ఒక్కటే, కాకపోతే బాగా పెద్దది, అని విడదీసింది ఈయనే.

చుట్టరికం కలిపింది బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పనిచేసిన జేమ్స్ హోమర్ రైట్. రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి రంగు వేస్తారు చూడండి, ఆ రంగుల్లో రైట్ స్టెయిన్ అనేది ఈయన పేరు మీదే ఉంది (మన ల్యాబుల్లో ఎక్కువగా వాడే లీష్‌మన్ స్టెయిన్ దానికి అన్నదమ్ముల వరస). తన రంగుతో చూస్తే ప్లేట్‌లెట్లలో ఊదా రంగు రవ్వలు కనబడ్డాయి. సరిగ్గా అలాంటి రవ్వలే మెగాకార్యోసైట్‌లోనూ కనబడ్డాయి. పైగా ఆ పెద్దకణం రక్తనాళంలోకి చేతులు చాపుతోంది, ఆ చేతులు ముక్కలవుతున్నాయి. 1906లో క్లుప్తంగా, 1910లో వివరంగా ప్రకటించాడు. పక్షుల్లో, కప్పల్లో మెగాకార్యోసైట్లు ఉండవు, ప్లేట్‌లెట్లూ ఉండవు, ఆ పని చెయ్యడానికి కేంద్రకమున్న మామూలు కణాలుంటాయి. ఈ రెండూ కలిసి కనబడేది మనలాంటి క్షీరదాల్లోనే.

అలా "ఎక్కణ్ణుంచి" అన్న ప్రశ్న తీరింది. "ఎలా" అన్నది మిగిలింది.

మెగాకార్యోసైట్ పరిణతి చెందే తీరు చాలా విడ్డూరం. మామూలు కణం తన డీఎన్ఏకి నకలు తీసుకుని, నడుం దగ్గర నొక్కుకుని, రెండుగా విడిపోతుంది. ఇది నకలు తీసుకుంటుంది గానీ విడిపోదు. మళ్ళీ నకలు, మళ్ళీ విడిపోదు. రెండు సెట్లు నాలుగవుతాయి, ఎనిమిదవుతాయి, పదహారు, ముప్పైరెండు, ఒక్కోసారి అరవైనాలుగు, ఇంకా పైకి. దీన్ని ఎండోమైటోసిస్ అంటారు. ఇన్ని సెట్లెందుకు, ఉత్తినే పేరుకుపోయాయా అంటే, కాదు. ఫ్రాన్సులో రస్లోవా బృందం 2003లో అన్ని నకళ్ళ మీదా జన్యువులు పనిచేస్తూనే ఉన్నాయని చూపించింది. అంటే వర్కర్లని పెంచకుండా ఒకే షెడ్డులో పదహారు యంత్రాలు బిగించినట్టన్నమాట.

ఈ పరిణతిని నడిపించే హార్మోను ఒకటి ఉండాలని 1958లో హంగరీలో కెలెమెన్ బృందం ఊహించి, థ్రాంబోపొయిటిన్ అని పేరు కూడా పెట్టేసింది. పేరు పెట్టాక వస్తువు దొరకడానికి ముప్పైఆరేళ్ళు! దారి కూడా ఊహించని వైపు నుంచి వచ్చింది. ఎలుకల్లో రక్తక్యాన్సరు తెచ్చే ఒక వైరస్ గుట్టు విప్పుతుంటే ఎంపీఎల్ అనే గ్రాహకం బయటపడింది. దాని మనిషి రూపాన్ని 1992లో పట్టుకున్నారు. దాన్ని అణిచేస్తే మెగాకార్యోసైట్లు మాత్రమే తగ్గుతున్నాయని 1993లో తేలింది. తాళం దొరికాక తాళంచెవి కోసం పరుగు మొదలైంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన పందుల, కుక్కల, గొర్రెల, ఎలుకల ప్లాస్మాని వడగట్టి వడగట్టి, 1994లో ఇంచుమించు ఒకేసారి అయిదు బృందాలు థ్రాంబోపొయిటిన్‌ని పట్టుకున్నాయి.

ఇంకేం, పనైపోయిందనుకున్నారు. హార్మోను ఇస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి కదా!

సరిగ్గా ఆ మరుసటేడే, 1995లో, బోస్టన్‌లో రమేశ్ శివదాసానీ, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం నుంచి ఒక ఎలుక వచ్చింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది. జన్యువుల్ని వెలిగించే, ఆర్పే ప్రోటీన్లని ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లంటారు. అందులో ఎన్ఎఫ్-ఈ2 అనేదాన్ని ఎర్రకణాల సరుకుగా లెక్కేసేవాళ్ళు, పేరులో ఆ ఈ అక్షరం ఎర్రకణాలదే. అది లేకుండా ఎలుకల్ని పుట్టిస్తే ఎర్రకణాలు దాదాపు బాగానే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు మాత్రం సున్నా. చాలా పిల్లలు పుట్టగానే రక్తస్రావంతో చచ్చిపోయాయి. మూలుగలో చూస్తే మెగాకార్యోసైట్లు బోలెడున్నాయి, డీఎన్ఏ సెట్లు కూడా బాగానే పెరిగాయి. పైనుంచి థ్రాంబోపొయిటిన్ రకం హార్మోను ఇస్తే ఆ కణాలు ఇంకా పెరిగాయి. ఒక్క ప్లేట్‌లెట్ రాలేదు.

అంటే పెరగడం వేరు, పరిణతి వేరు. ఎంత తోసినా ఆఖరి మెట్టుకి దాని జన్యువులు దానికుండాలి. ఆ జన్యువుల్లో ముఖ్యమైనదాన్ని 2000లో గుర్తించారు: బీటా-1 ట్యూబులిన్, ఎన్ఎఫ్-ఈ2 వెలిగిస్తే వెలిగేది. పెద్దకణం చాపే పొడుగాటి చేతుల లోపల పట్టాల్లా ఉండేది ఇదే. ప్లేట్‌లెట్లు ఆ చేతుల చివర్లలో తయారవుతాయని 1999లో ఇటాలియానో బృందం వీడియోలతో సహా చూపించింది. రైట్ 1906లో చూసిన చేతులే ఇవి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జన్యువు ఉండటం వేరు, పనిచెయ్యడం వేరు. మన కణాలన్నిట్లో ఇంచుమించు అవే జన్యువులున్నా, కాలేయంలో కొన్ని, మెదడులో కొన్ని ఆర్ఎన్ఏగా నకలై ప్రోటీన్లు తయారుచేస్తాయి. దాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఒక కణం పిల్లదశ నుంచి పెద్దదశకి వెళ్తుంటే ఏ రోజు ఏ జన్యువు ఎంత పనిచేసిందో వేల జన్యువులకి ఒకేసారి లెక్క తియ్యగల మైక్రోఅరేలు 2000 తరవాత చేతికొచ్చాయి. మా భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా బయటనుంచి స్క్రీను చూసి ఊహించేవాళ్ళకి లాగ్ ఫైళ్ళు దొరికాయి.

ఆ లాగుల్లో వెలిగే జన్యువుల జాబితా ఊహించినట్టే ఉంది. ప్లేట్‌లెట్ పైన ఉండే అతుకుడు ప్రోటీన్లు, లోపలి రవ్వల్లోకి వెళ్ళే సరుకు, ట్యూబులిన్ పట్టాలు. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం ఉండదు కాబట్టి, వారం రోజుల బతుక్కి కావలసిన మూటంతా తల్లే ముందుగా కట్టివ్వాలి.

నన్ను ఆపింది రెండో జాబితా. ఆరిపోయేవి. పరిణతికి ముందున్న దశలో గాటా-2 అనే ఫాక్టర్ పెత్తనం చేస్తుంది. వయసొచ్చేకొద్దీ దాని పట్టు సడలి, తమ్ముడు గాటా-1 ఎక్కువ చోట్ల కూర్చుంటాడు. పిల్లకణాల్ని పెంచే కిట్ గ్రాహకం తగ్గిపోతుంది. డీఎన్ఏ నకలు, మరమ్మత్తు జన్యువులు కూడా, పెద్ద కణాల్ని వేరుచేసి చూసిన రస్లోవా బృందం 2007 లెక్కల ప్రకారం, సెట్లు పెరిగేకొద్దీ కిందికి దిగుతాయి.

ఇంకో ఉదాహరణ. 2004లో ఆస్ట్రేలియాలో ఎంపీఎల్ గ్రాహకం లేని ఎలుకలు తీసుకున్నారు. హార్మోను మాట వినలేవు కాబట్టి వాటికి ప్లేట్‌లెట్లు చాలా తక్కువ. ఇంకే జన్యువు చెడితే ఇవి బాగుపడతాయి అని వెతికారు. దొరికింది మిబ్ అనే జన్యువు. దాన్ని బలహీనపరిస్తే, హార్మోను సంకేతం లేకపోయినా, ప్లేట్‌లెట్లు మామూలుకంటే కూడా ఎక్కువైపోయాయి. కొత్తగా ఏదీ చేర్చలేదు, ఉన్నదాన్ని తగ్గించారంతే.

కణం విడిపోకుండా ఉండటం వెనక రహస్యం కూడా ఇదే. నడుం నొక్కుకుని విడిపోడానికి మయోసిన్ రకం ప్రోటీన్ ఒకటి కావాలి, దాని జన్యువు పేరు ఎంవైహెచ్10. మెగాకార్యోసైట్‌లో రన్‌ఎక్స్1 అనే ఫాక్టర్ వచ్చి ఆ జన్యువు నోరు మూయిస్తుందని 2012లో ఫ్రెంచివాళ్ళు చూపించారు. నొక్కే తాడు లేదు, అందుకే విడిపోవడం లేదు. అంత భారీ కణం వెనకున్న కారణాల్లో ఒకటి ఒక జన్యువుని ఆపెయ్యడం!

మరి ఆపలేకపోతే? ఇక్కణ్ణుంచి ఇది ల్యాబు ముచ్చట కాదు. రన్‌ఎక్స్1 ఒక నకలు చెడిపోయిన కుటుంబాలున్నాయి, 1999లో గుర్తించారు. వాళ్ళకి తరతరాలుగా ప్లేట్‌లెట్లు తక్కువ, రక్తక్యాన్సరు ప్రమాదం ఎక్కువ. ఆరిపోవలసిన ఎంవైహెచ్10 ప్రోటీన్ వాళ్ళ ప్లేట్‌లెట్లలో ఇంకా మిగిలే ఉంటుంది. అది చూసి జబ్బు పసిగట్టొచ్చని కూడా 2012లోనే రాశారు. 1997లో మెగాకార్యోసైట్‌లలో గాటా-1 లేకుండా చేసిన ఎలుకల్లో ఆ కణాలు పరిణతి చెందకుండా పెరుగుతూనే పోయాయి, ప్లేట్‌లెట్లు మాత్రం బాగా పడిపోయాయి. 2002లో చికాగోలో క్రిస్పినో బృందం, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి చిన్నవయసులో వచ్చే మెగాకార్యోసైట్ రకం లుకేమియాలో గాటా-1 కురచైపోయి ఉండటం కనిపెట్టింది. కురచ గాటా-1 కొన్ని పనులు చేస్తుంది, పిల్లకణాలకి "ఇక చాలు" అని చెప్పే పని మాత్రం సరిగ్గా చెయ్యలేదు. (ఈ లుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది చికిత్సతో బాగుపడతారు, అది వేరే సంతోషం.)

తొందరపడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. థ్రాంబోపొయిటిన్ దొరికాక దాన్ని కాస్త మార్చి మందుగా తయారుచేశారు. ఆరోగ్యవంతులైన వాలంటీర్లక్కూడా ఇచ్చారు. కొందరి ఒళ్ళు ఆ మందుమీద యాంటీబాడీలు తయారుచేసింది. అవి మందునే కాదు, సొంత థ్రాంబోపొయిటిన్‌ని కూడా పట్టేశాయి. ప్లేట్‌లెట్లు పెంచడానికి ఇచ్చిన మందు వాటినే పడగొట్టింది. 1998లో ఆపేశారు. దాని పోలిక లేకుండా అదే తాళాన్ని తిప్పే రోమిప్లోస్టిమ్, ఎల్ట్రోంబోపాగ్ అమెరికాలో ఆమోదం పొందింది 2008లో. అవి వేసుకున్నా లెక్క సుమారు అయిదో రోజు నుంచి గానీ కదలదు. ఎందుకంటే మెగాకార్యోసైట్ పెరిగి పక్వానికి రావడానికి అన్ని రోజులూ పడుతుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకి, తెల్లారేసరికల్లా ఎందుకు లేవవు అన్నదానికి, జవాబు ఇదే.

ఇప్పుడు ప్రోగ్రామ్ మాటకొస్తాను. మేం రాసే ప్రోగ్రాముకి ఒక మొదలుంటుంది, రాసినవాడుంటాడు, ఏ యంత్రం మీద నడిపినా ఒకేలా నడవాలి. ఈ కణానికి అవేవీ లేవు. పైగా ఎక్కడ నడుస్తోందన్నది కూడా ముఖ్యమే. పేరు పెట్టిన హోవెల్, 1937లో డెబ్భై దాటిన వయసులో, ప్లేట్‌లెట్లు ఊపిరితిత్తుల్లోనూ తయారవుతున్నాయని డోనహ్యూతో కలిసి రాశాడు. ఎనభై యేళ్ళకి, 2017లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో బతికున్న ఎలుక ఊపిరితిత్తుల్లోకి సూక్ష్మదర్శినితో చూస్తే, మూలుగ నుంచి కొట్టుకొచ్చిన మెగాకార్యోసైట్లు అక్కడ ప్లేట్‌లెట్లు రాలుస్తూ కనబడ్డాయి. ఎలుకలో మొత్తం ఉత్పత్తిలో సగం దాకా అక్కడే అని లెక్క. రక్తం ఒరవడి కూడా ఆ పనిలో భాగమే.

క్యోటోలో కోజి ఎటో బృందం ఈ పాఠాలన్నీ ఒకచోట చేర్చింది. మూలకణాల నుంచి తయారుచేసిన మెగాకార్యోసైట్ పిల్లకణాలకి మూడు జన్యువులు అదనంగా పెట్టారు. ఒక మందు వేస్తే అవి వెలుగుతాయి, కణాలు నెలల తరబడి పెరుగుతూనే ఉంటాయి, ఫ్రీజర్లో దాచుకోవచ్చు. ప్లేట్‌లెట్లు కావాలంటే ఏం చెయ్యాలి? మందు ఆపెయ్యడమే. మూడు జన్యువులూ ఆరిపోతాయి, కణం పరిణతి చెందుతుంది. ఇది 2014 మాట. అయినా దిగుబడి తక్కువే. తొట్టెలో ద్రవాన్ని సుడులు తిరిగేలా కదిపితే దిగుబడి పెరుగుతుందని 2018లో తెలుసుకున్నారు, ఒక్క విడతలో పదివేల కోట్లు దాటించారు. ఒక రోగికి తన సొంత కణాల నుంచి చేసిన ప్లేట్‌లెట్లు ఎక్కించిన ఫలితాలు 2022లో వచ్చాయి. హాని జరగలేదు. కానీ రక్తంలో లెక్క స్పష్టంగా పెరగనూ లేదు.

నూటయాభై యేళ్ళకి మనం చేరింది అక్కడిదాకా. నా మటుకు నాకు అర్థమైంది ఇది: జన్యువుల కథ చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ ఏది వెలిగింది అనే అడుగుతాం. "ఫలానా దానికి జన్యువు దొరికింది" అని పేపర్లో వేస్తారు. సరైన సమయానికి ఏది ఆరింది అని ఎవరూ శీర్షిక పెట్టరు. ఈ కణానికి మాత్రం పెద్దవడమంటే సగానికి సగం ఆపడమే. ఆపలేని చోట అదే కణం ప్రాణం మీదకి తెస్తుంది.

ఫ్యాక్టరీ తొట్టెలు మన ఆస్పత్రులకి వచ్చేదాకా ప్లేట్‌లెట్లకి ఇంకో మనిషే దిక్కు. దానమిచ్చిన ప్లేట్‌లెట్లని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మామూలు గది వేడిమిలో ఊపుతూ ఉంచాలి, అయినా అయిదు రోజులకి మించి దాచరు. డెంగీ రోగుల్లో చాలామందికి అవి ఎక్కించాల్సిన పనే ఉండదు, లెక్క దానంతటదే లేస్తుంది. కీమోథెరపీలో ఉన్న పిల్లలకీ, రక్తక్యాన్సరు రోగులకీ మాత్రం వానాకాలం అయిపోయాక కూడా కావాలి. ఇవ్వడానికి ఒకటి రెండు గంటలు పడుతుంది. ఇచ్చినవాళ్ళ మూలుగలో ఆ పెద్దకణాలు కొద్దిరోజుల్లోనే లోటు పూడ్చేస్తాయి. ఎవరైనా అడిగితే, ఒంట్లో బాగుంటే, వెళ్ళి కూర్చోండి.